రెబ్కా అప్పజెప్పిన తుపాకీ

ఎన్నికల కోడ్ వచ్చిన వారంలోనే ఠాణా నుంచి కానిస్టేబుల్ ఒకాయన మోటారు సైకిల్ మీద రేగులపాడు ఊరి వెలుపలి పల్లెలోకి వచ్చాడు. చర్చి పక్క సందులో ఆగి, "ఏసోబు గారున్నారా?" అని పిలిచాడు. కళ్లంలో మిరపకాయలు ఆరబోసి అప్పుడే ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుంటున్న రెబ్కా చెంబు పక్కన పెట్టి బయటికొచ్చింది.

"లేరు నాయనా. పోయారు."

"ఎక్కడికి పోయారమ్మా? సాయంత్రానికొస్తారా?"

"చనిపోయారు. క్రిస్మస్ వెళ్లిన తర్వాత."

కానిస్టేబుల్ హెల్మెట్ తీసి చేతిలో పట్టుకున్నాడు. చేతిలోని కాగితం చూసుకున్నాడు.

"ఆయన పేరున తుపాకీ ఉందమ్మా. బ్యాంకు కాపలాలో ఉన్నన్నాళ్లూ మినహాయింపు ఇచ్చేవాళ్లం. మానేశారు కదా, ఈసారి ఎన్నికలయ్యేదాకా స్టేషన్లో డిపాజిట్ చెయ్యాలి."

"తీసుకుపోండి. మళ్లీ ఇవ్వక్కర్లేదు," అంది రెబ్కా.

"నేను తీసుకుపోవడానికి లేదమ్మా. ఆయన సంతకం కావాలి."

"ఆయనే లేరు కదా బాబూ."

"అదేనమ్మా ఇబ్బంది. చనిపోయినట్టు సర్టిఫికెట్ పట్టుకుని స్టేషన్‌కి రండి, రైటర్ గారితో మాట్లాడదాం."

అతను వెళ్లాక రెబ్కా లోపలికెళ్లి నవారు మంచం కింద ఉన్న ఇనప్పెట్టె వైపు చూసింది. అందులో పాత మిలట్రీ కంబళిలో చుట్టి ఉంది ఆ తుపాకీ. రెండు గొట్టాలది. అది ఇంట్లోకి వచ్చిన రోజు నుంచి ఆ పెట్టె ఉన్న గదిలో ఆమె సుఖంగా నిద్రపోయింది లేదు.

రెబ్కాకు యాభై ఎనిమిదేళ్లు. పత్తి తీతలకి, మిరప కోతలకి వెళ్తుంది. ఎండలు ముదిరాక గుంటూరు వైపు కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల ముచ్చికలు తీసే పనికి కూడా వెళ్తుంది. మిలట్రీ పింఛను వచ్చే ఇల్లు కదా, కూలికి పోవడమెందుకని ఎవరైనా అంటే, ఇంట్లో కూర్చుని ఎవరి మొహం చూడమంటారు అంటుంది. పెళ్లైన కొత్తలో ఏసోబుతో కలిసి పంజాబులో సైనిక క్వార్టర్సులో రెండేళ్లున్నది. ఎదురింటి పంజాబీ ఆవిడ తన అత్తగారి ఊరు గురించి చెబుతూ, మగపిల్లాడు పుడితే మామగారు పెరట్లోకెళ్లి గాల్లోకి తుపాకీ పేలుస్తాడని, ఆ చప్పుడు విని ఊరంతా మిఠాయికి వస్తారని మురిసిపోయేది. రెబ్కా వచ్చీరాని హిందీలో, మా ఊళ్లో తుపాకీ ఒక్క ఇంట్లోనే ఉంటుంది, చప్పుడైతే మేం పిల్లల్ని లోపలికి లాక్కుంటాం అంది. ఆవిడకది అర్థం కాలేదు. అయితే మీరూ ఒకటి కొనుక్కోవచ్చుగా అంది.

ఆ ఒక్క ఇల్లు కోటిలింగం గారిది. ఆయన తండ్రి కాలంలో హాల్లో గోడకి వేలాడేది. పెళ్లి ఊరేగింపుల్లో కాల్చేవారు, చెరువు కొంగల్ని కొట్టేవారు. పల్లెవాళ్లు కూలి పెంచమని పనిలోకి దిగకుండా నిలబడిన ఏడాది, ఆ పెద్దాయన పొలం గట్టు మీద కుర్చీ వేయించుకుని తుపాకీ ఒళ్లో పెట్టుకు కూర్చున్నాడు. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. మధ్యాహ్నానికి జనం పనిలోకి దిగారు. అప్పుడు రెబ్కా చిన్నపిల్ల. తల్లి కొంగు పట్టుకుని ఆ గట్టు పక్కనుంచే నడిచింది.

ఏసోబు హవల్దారుగా రిటైరై వచ్చాక, సొంత తుపాకీ ఉంటే కాపలా ఉద్యోగం ఇస్తామని ఒక బ్యాంకు వాళ్లన్నారు. ఉద్యోగం ఉంటే గాని లైసెన్సు ఇవ్వమని ఆఫీసు వాళ్లన్నారు. ఈ రెంటి మధ్య ఏడాదికి పైగా తిరిగాడు. విచారణకొచ్చిన రెవిన్యూ ఇన్‌స్పెక్టర్ గడప దగ్గరే నిలబడి, రేకుల ఇంటిని ఎగాదిగా చూసి, "నీకేం ఆస్తులున్నాయయ్యా తుపాకీతో కాపాడుకోడానికి?" అనడిగాడు.

"నావేం లేవండీ. బ్యాంకుకొచ్చే జనం డబ్బులు కాపాడతాను," అన్నాడు ఏసోబు.

చివరికి లైసెన్సు వచ్చింది. భుజానికి తుపాకీ తగిలించుకుని ఊరి బజారు మీదుగా బస్టాపుకు నడిచిన మొదటి రోజున పల్లె జనం గోడల వెంట నిలబడి చూశారు. అరుగుల మీద కూర్చున్న పెద్దలూ చూశారు. ఏసోబుకి మాత్రం అది కూలివాడి చేతిలో పార లాంటిది. ఇంటికి రాగానే తుడిచి, నూనె పెట్టి, పెట్టెలో పెట్టి తాళం వేసేవాడు. ఎవరికీ చూపించేవాడు కాదు.

*

సర్టిఫికెట్ పట్టుకుని రెబ్కా ఠాణాకి వెళ్లింది. స్టేషన్ రాతపని చూసే రైటర్ మంచివాడే, కుర్చీ చూపించాడు.

"ఇంట్లో ఉంచుకోవడం తప్పమ్మా. మీ పేరున లైసెన్సు లేదు. రేపెవరన్నా కంప్లైంటిస్తే కేసవుద్ది."

"అందుకే తెచ్చిస్తానంటున్నాను బాబూ."

"మీరు తేవడం ఇంకా తప్పు. కోడ్ టైములో తుపాకీ పట్టుకుని రోడ్డెక్కితే ఊరుకుంటారా?"

"పోనీ మీరొచ్చి తీసుకోండి."

"తీసుకుని ఎవరి పేరున రాసుకోమంటారు? లైసెన్సు రద్దయినట్టు కలెక్టరాఫీసు నుంచి కాగితం తేండి. అది ఉంటే ఒక్క నిమిషం పని."

ఆ కాగితం కోసం ఆమె బస్సెక్కింది. జిల్లాలు విడగొట్టాక రేగులపాడు కొత్త జిల్లాలోకి వచ్చింది. కొత్త జిల్లా ఆఫీసులో, లైసెన్సు ఇచ్చింది పాత జిల్లా కాబట్టి ఫైలు అక్కడే ఉంటుందన్నారు. పాత జిల్లా ఆఫీసులో, మీ మండలం ఫైళ్లన్నీ పంపేశాం, అందినట్టు వాళ్ల సంతకం కూడా ఉందన్నారు. మళ్లీ కొత్త ఆఫీసుకొస్తే, మూటలు వచ్చిన మాట నిజమే గానీ ఇంకా విప్పలేదని, ఎలక్షన్ డ్యూటీలయ్యాక రమ్మని చెప్పారు.

డ్యూటీలయ్యాక వెళ్లింది. మూట విప్పారు, ఫైలు దొరికింది. కానీ అందులో పేరు జోసెఫ్ అని ఉంది. మిలట్రీలో చేర్చుకున్న రోజున ఎవరో గుమాస్తా ఏసోబు అనే పేరు రాయలేక జోసెఫ్ అని రాసుకున్నాడట. లైసెన్సూ ఆ కాగితాలను బట్టే వచ్చింది. చనిపోయిన సర్టిఫికెట్‌లో మాత్రం ఊళ్లో పిలిచే పేరే ఉంది.

"ఏసోబు చనిపోయాడని తెచ్చారు. జోసెఫ్ చనిపోయాడని మాకెలా తెలుస్తుందమ్మా?" అన్నాడు సెక్షన్ క్లర్కు. ఎగతాళిగా అనలేదు, నిజంగానే అడిగాడు.

"ఇద్దరూ ఒకరే బాబూ."

"మీకు తెలుసు. ఫైలుకి తెలియాలిగా."

రెబ్కా బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. జీవితమంతా పక్కన బతికిన మనిషిని ఇద్దరు కాదు ఒక్కడేనని రుజువు చెయ్యాలి. నోటరీ దగ్గరికి, మిలట్రీ వాళ్ల సంక్షేమ ఆఫీసుకి, పంచాయతీకి తిరిగింది. ఒక్కోచోట ఒక్కో కాగితం ఇచ్చారు. ఏ కాగితం ఇచ్చినా ఇంకో కాగితం అడిగేవాళ్లు ఇంకొకరుండేవారు. పని పోగొట్టుకున్న రోజుల గురించి ఆమె బాధపడలేదు. ప్రతి బల్ల దగ్గరా మొదట్నుంచీ చెప్పాల్సి రావడం, ఆయన పోయారని ప్రతిసారీ నోటితో అనాల్సి రావడం, అదే కష్టమైంది.

ఈలోపు తుపాకీ సంగతి ఊరంతా పాకింది. కోటిలింగం గారు కబురు పంపలేదు, తనే స్కూటీ మీద పల్లెలోకి వచ్చారు. ఆయనకీ అరవై దాటాయి. గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మంచినీళ్లు తాగారు. ఆయన తండ్రైతే పల్లెలో నీళ్లు ముట్టేవాడు కాదని రెబ్కాకు తెలుసు, ఈయన తాగాడు.

"ఏమ్మా రెబ్కా, ఆఫీసుల చుట్టూ నీకెందుకీ తిరుగుడు? నా పేరున మార్పించుకుంటాను. ఆ కాగితాల గోల నేను చూసుకుంటా. నాన్నగారి తుపాకీ రెన్యువల్ చెయ్యక పోగొట్టుకున్నాం. గోడ బోసిగా ఉంది. మొక్కజొన్నలో పందులు పడి నాశనం చేస్తున్నాయి కూడాను."

"ఆలోచించి చెప్తానండీ," అంది రెబ్కా. ఆయన వెళ్లేదాకా నిలబడే ఉంది.

ఆలోచించడానికేమీ లేదు. ఆమె కొడుకు తోమా కౌలుకి మిరప వేసింది ఈయన పొలంలోనే. నల్ల తామర పురుగు వచ్చిన ఏడాది పూతంతా మాడి రాలిపోయింది. ఎన్ని మందులు కొట్టినా పురుగు పోలేదు. తోమా మాట్లాడటం తగ్గించాడు, అన్నం ముందు కూర్చుని లేచిపోయేవాడు. అది చూసి ఏసోబు తుపాకీని ఇంటికి తేవడం మానేశాడు. మేనేజరుని బతిమాలి బ్యాంకులోనే పెట్టి వచ్చేవాడు. పెట్టె తాళం నడుముకి కట్టుకునేవాడు, పెట్టెలో ఏమీ లేకపోయినా సరే. కొడుకు మీద రెండు కళ్లూ పెట్టి కాపలా కాశాడు. ఒక పొద్దున ఆయన బస్సెక్కాక తోమా పొలానికి వెళ్లాడు. అక్కడ షెడ్డులో పురుగుమందు ఉంది. ప్రతి పొలం షెడ్డులోనూ ఉంటుంది.

తోమా పోయాక ఏసోబు ఉద్యోగం మానేశాడు, తుపాకీ తిరిగి పెట్టెలోకి వచ్చింది. కోటిలింగం గారు ఆ ఏడాది కౌలు అడగలేదు. రెబ్కా ఆ మాట ఎవరి దగ్గరైనా ఒప్పుకుంటుంది. ఆయన మీద కోపం లేదు. కానీ ఆ గోడకి ఈ తుపాకీ వేలాడటం ఆమె ఊహించుకోలేకపోయింది.

*

వానాకాలం మొదట్లో ఠాణాకి కొత్త ఎస్సై వచ్చింది. పేరు నస్రత్. ముప్పై దాటని మనిషి. రెబ్కా కాగితాల సంచి పట్టుకుని రైటర్ బల్ల ముందు నిలబడి ఉండగా చూసి, విషయమేమిటని అడిగింది. రెబ్కా మళ్లీ మొదట్నుంచీ చెప్పింది.

"మీరు కలెక్టరాఫీసు కాగితం కోసం ఆగాల్సిన పని లేదమ్మా," అంది నస్రత్. "లైసెన్సున్న మనిషి చనిపోతే ఇంట్లోవాళ్లు దగ్గర్లో ఉన్న స్టేషన్లో అప్పజెప్పాలి. మేం తీసుకుని రసీదివ్వాలి. చట్టంలోనే ఉంది."

"మేడం, క్యాన్సిలేషన్ రాకుండా ఎట్లా?" అన్నాడు రైటర్.

"అది లైసెన్సు సంగతండీ. తుపాకీ సంగతి వేరు."

రెబ్కా బెంచీ మీద కూర్చుండిపోయింది. "అయితే ఇన్ని నెలలూ..." అని ఆగిపోయింది. రైటర్ తల దించుకుని ఏదో రాసుకుంటున్నాడు.

"రేపు మేమే వస్తాం. మీరు మోసుకురావద్దు," అంది నస్రత్. "ఒక్కటి ఆలోచించుకోండి. ఊరికే డిపాజిట్ చేస్తే మీ వారసులెవరైనా తర్వాత లైసెన్సుకి పెట్టుకోవచ్చు. పూర్తిగా ప్రభుత్వానికి ఇచ్చేస్తే ఇక రాదు. మీ పిల్లలతో మాట్లాడండి."

మంగళగిరిలో ఆస్పత్రి నర్సుగా ఉన్న కూతురు లిడియాకి ఫోన్ చేస్తే, "నువ్వెట్లా అంటే అట్లానే అమ్మా. సంతకం కావాలంటే సెలవు పెట్టుకుని వస్తా. నాకైతే అది ఇంట్లో ఉన్నన్నాళ్లూ భయమే," అంది.

ఏసుబాబు మాత్రం ఒప్పుకోలేదు. ఏసోబు తమ్ముడి కొడుకతను. ఆటో నడుపుతాడు, పల్లెలో కుర్రాళ్లకి ముందుండేవాడు. ఆఫీసులకి వెళ్లిన చాలాసార్లు రెబ్కాని బస్టాపు దాకా దింపింది అతనే. ఆ సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"పెద్దమ్మా, డిపాజిట్ చెయ్యి. ఇచ్చెయ్యమాకు. నేను లైసెన్సుకి పెడతా."

"నీకెందుకురా అది?"

"కాల్చడానికి కాదు. ఊళ్లోవాళ్లు కంచె వేసి మన సమాధుల తోట దారి మూసేసినప్పుడు ఏం జరిగిందో నీకు తెలుసుగా. పెదనాన్న పోయి నిలబడ్డాడు. తుపాకీ పట్టుకెళ్లలేదు. ఇంట్లో ఉందని వాళ్లకి తెలుసు, అంతే. కంచె తీశారు. వాళ్ల తాతలు గోడకి తగిలించి మనల్ని భయపెట్టినన్నాళ్లూ ఎవరూ తప్పనలేదు. మన పల్లెకి ఒక్కటి వచ్చేసరికి ఇచ్చెయ్యాలా?"

అతను అన్నదాంట్లో అబద్ధం లేదు. భుజాన తుపాకీతో ఏసోబు బజారున నడిచిన రోజు రెబ్కా కూడా గోడ దగ్గర నిలబడి చూసింది. భయపడింది, గర్వపడింది కూడా.

"ఆ రోజు మీ పెదనాన్న వెనక పల్లెలో ఆడాళ్లందరం నిలబడ్డాం రా," అంది. "సాయిబుల వీధి సర్దార్‌బీ కూడా వచ్చింది, వాళ్లకి ఆ తోటతో పనే లేదు. మమ్మల్ని చూసి తీశారో, పెట్టెలో ఉన్నదాన్ని తల్చుకుని తీశారో నాకు తెలీదు. నువ్వు తుపాకీ వల్లే అంటున్నావు."

"మిమ్మల్ని చూసి ఎవరు భయపడతారు పెద్దమ్మా?"

"భయపడాలనే నిలబడ్డామా?"

ఏసుబాబు ఆటో తాళం వేలికి తిప్పుతూ కూర్చున్నాడు.

"ఒరేయ్, నీకిద్దరు పిల్లలు. ఒక ఏడాది ఆటో ఆగిపోద్ది, ఇంకో ఏడాది ఇంకోటి జరుగుద్ది. మనసు బాగోని రోజొకటి అందరికీ వస్తుంది. ఆ రోజున చేతికందేటట్టు ఇంట్లో ఏదీ ఉండకూడదు. మీ పెదనాన్న అంతటోడే కాపలా కాయలేకపోయాడు."

అతను లేచి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

మర్నాడు జీపు వచ్చింది. సందు మొదట్లో ఆపి నస్రత్, కానిస్టేబుల్ నడిచి వచ్చారు. అయినా జనం చేరారు. రెబ్కా పెట్టె బయటికి లాగి తాళం తీసింది. కంబళి విప్పి, ఏసోబు పట్టుకున్నట్టే గొట్టాలు కిందికి పెట్టి రెండు చేతులతో అందించింది. నస్రత్ తుపాకీని మధ్యలో విరిచి తెరిచి, గొట్టాల్లోంచి వెలుతురు వైపు చూసింది.

"లోపల అద్దంలా ఉందమ్మా. ఆయన పోయి ఇన్నాళ్లయింది. ఎవరు తుడిచారు?"

"నేనే."

"మీకు భయమన్నారుగా."

"భయమే. కానీ తుప్పు పట్టించి ఇస్తే ఆయనకి మాటొస్తుంది."

కానిస్టేబుల్ తూటాల పెట్టె సరిచూసుకుని రాసుకున్నాడు. నస్రత్ కాగితం తీసి, డిపాజిట్టా, అప్పగింతా అని అడిగింది. రెబ్కా తల తిప్పి చూసింది. ఏసుబాబు జనంలో వెనగ్గా, ఆటో తాళం చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అతను ఆమె వైపు చూడలేదు.

"ఇచ్చేస్తున్నాను," అంది రెబ్కా.

సంతకం పెట్టాక నస్రత్‌తో మెల్లగా అంది: "ఒక మాటడగనా అమ్మా? దీని కోసం ఎన్ని కాగితాలడిగారో మీరు చూశారు. ఆయన బతికున్నప్పుడూ అడిగారు, పోయాకా అడిగారు. అడగడం తప్పని కాదు. మా వాడు కొన్న మందుకి మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. ఎందుకు కొంటున్నావని కూడా అడగలేదు."

నస్రత్ రసీదు చింపి ఆమె చేతికిచ్చి, ఆ చేతిని ఒక క్షణం వదల్లేదు.

జీపు వెళ్లాక జనం ఎవరి దారిన వాళ్లు పోయారు. రెబ్కా కంబళి దులిపి ఎండలో దండెం మీద వేసింది. అందులోంచి తుపాకీ నూనె వాసన వచ్చింది. ఏసోబు చేతులదీ అదే వాసన. ఆ సంగతి అప్పటిదాకా ఆమెకి తట్టలేదు. కంబళిని ఉతకడానికి మనసొప్పక సాయంత్రం దాకా దండెం మీదే ఉంచింది.

ఏసుబాబు ఆ మిరప సీజనంతా ఆమెతో మాట్లాడలేదు. కోటిలింగం గారు కనిపిస్తే పలకరిస్తారు గానీ ఆ ప్రస్తావన తేలేదు. ఏడాది తిరిగాక కలెక్టరాఫీసు నుంచి జోసెఫ్ గారి పేరున ఒక నోటీసు వచ్చింది, లైసెన్సు గడువులోగా ఎందుకు రెన్యువల్ చేయించుకోలేదో స్వయంగా వచ్చి చెప్పమని. రెబ్కా రసీదు తీసి సంచిలో పెట్టుకుని పొద్దున్నే బయల్దేరింది. బస్టాపు దాకా నడుద్దామనుకుంటే సందు చివర ఆటో ఆగి ఉంది. ఆమె ఎక్కి కూర్చున్నాక ఏసుబాబు బండి తీశాడు. బస్టాపు దగ్గర ఆపకుండా ఆఫీసు దాకా తీసుకెళ్లాడు.

సెక్షన్లో కొత్త క్లర్కు ఉన్నాడు. నోటీసు చూసి, తలెత్తి, "జోసెఫ్ గారు రాలేదా అమ్మా?" అని అడిగాడు.

"లేరు బాబూ, చనిపోయారు," అని రెబ్కా కుర్చీ లాక్కుని కూర్చుంది. పక్కన నిలబడ్డ ఏసుబాబు చేతికి సంచి ఇచ్చి కాగితాలు తియ్యమంది. ఆ తర్వాత మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.